రైఫిల్ మార్చే ముందు తూటా మార్చి చూడండి: పాయింట్ టూటూ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాయింట్ టూటూ (.22 క్యాలిబర్) బోల్ట్ రైఫిల్ గురించే, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి మూయాల్సిన రైఫిల్. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకి ఇది పాత పరిచయమే కదా. నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను, రెండోదానికి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నానండీ. ఎన్‌సీసీలో పట్టిన పాయింట్ టూటూ మళ్లీ పట్టాలని ఉంది. రూగర్ అమెరికన్, శావేజ్ మార్క్ 2, సీజెడ్ 457, టికా టీ1ఎక్స్... వీటిలో ఏది తీసుకోమంటారు? కాగితం టార్గెట్ మీదే కాలుస్తాను, 50 గజాల్లో, అప్పుడప్పుడు 100లో.

జవాబు: ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. 'ఫ్రెండ్ రైఫిలే కదా, రేంజిలో నాలుగు రౌండ్లు కాలిస్తే ఏమవుతుంది' అనుకునే కుర్రాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు, అది చాలా పెద్ద రిస్క్, కేసు అయితే ఉద్యోగం, వీసా రెండూ ప్రమాదంలో పడతాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ఏమాత్రం సందేహం ఉన్నా లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లండి.

ఇక రైఫిల్. బడ్జెట్ అందితే నా ఓటు సీజెడ్ 457కి. బోల్ట్ 60 డిగ్రీలు లేపితే చాలు కాబట్టి పైన పెద్ద స్కోప్ ఉన్నా చేతికి అడ్డం రాదు, ట్రిగ్గర్ బరువు స్క్రూతో సర్దుకోవచ్చు, బ్యారెల్ కూడా చిన్న స్క్రూలతోనే బిగించి ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా మార్చాలంటే ఇంట్లోనే అయిపోతుంది. టికా కూడా చక్కటి రైఫిల్, బోల్ట్ నడక మెత్తగా ఉంటుంది, ఆ కంపెనీ పెద్ద రైఫిల్ టీ3ఎక్స్ స్టాకులు (భుజానికి ఆనించే పిడి భాగం) దీనికీ సరిపోతాయి. డబ్బు తక్కువైతే రూగర్, శావేజ్ తీసుకోండి, 50 గజాల్లో అవేమీ మిమ్మల్ని నిరాశపరచవు.

పొడుగు బ్యారెల్ కోసం మాత్రం పట్టుబట్టకండి. ఈ తూటాలో మందు కొంచెమే, సుమారు 16 అంగుళాల బ్యారెల్‌లోనే దాని పని అయిపోతుంది, ఆపైన పొడుగు వల్ల వేగం పెద్దగా పెరగదు. స్కోప్ కొనేటప్పుడు పారలాక్స్ ఎంత దూరానికి పెట్టారో అడగండి. పెద్ద రైఫిళ్ల స్కోపులు సాధారణంగా 100 గజాలకు సెట్ చేసి వస్తాయి, వాటితో 50లో గురి చూస్తే కన్ను కాస్త జరిగినా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరుగుతుంది. పాయింట్ టూటూ లాంటి రిమ్‌ఫైర్ రైఫిళ్ల కోసమే చేసినదిగానీ పారలాక్స్ సర్దుకునేదిగానీ తీసుకోండి.

ప్రశ్న: సీజెడ్ 457 కొని ఆరు నెలలైంది. 50 గజాల్లో గ్రూపు (వరసగా కాల్చిన తూటాల రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) ఒకటిన్నర అంగుళం దాటుతోంది. పెద్ద డబ్బాల్లో చవగ్గా వచ్చే హై వెలాసిటీ తూటాలు వాడుతున్నాను. మ్యాచ్ బ్యారెల్, కొత్త ట్రిగ్గర్ వేయించేద్దామనుకుంటున్నాను, సరైన ఆలోచనేనా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే కాదు. మీ సమస్య చాలావరకు ఆ డబ్బాలోనే ఉంది.

రిమ్‌ఫైర్ తూటాకి నిప్పు అంటించే మిశ్రమం అడుగున అంచు చుట్టూ ఉంటుంది. అది అన్ని తూటాల్లోనూ ఒకేలా పరుచుకోకపోతే ఒక్కోటి ఒక్కో వేగంతో బయటికొస్తుంది. పెద్ద రైఫిల్ వాళ్లలాగా మనం ఇంట్లో తూటా తయారుచేసుకోలేం, ఫ్యాక్టరీ ఇచ్చిందే గతి. అందుకే మంచి తూటా వెతకడమే ఈ ఆటలో సగం పని. పైగా హై వెలాసిటీ తూటా సెకనుకు దాదాపు 375 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కంటే వేగంగా బయలుదేరి, దారిలో ధ్వని వేగం కిందికి పడిపోతుంది, ఆ దాటే చోట బుల్లెట్ తొణుకుతుంది. మ్యాచ్ తూటాలు మొదటినుంచీ ధ్వని వేగానికి కిందే ఉండేలా చేయడానికి కారణం అదే.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు: 100 గజాల్లో పక్కగాలికి హై వెలాసిటీ తూటానే ఎక్కువ జరుగుతుంది. గాలికి బుల్లెట్ ఎంత జరుగుతుందనేది అది ఎంతసేపు ఎగిరింది అన్నదాన్ని బట్టి కాదు, దారిలో గాలి ఒరిపిడికి ఎంత ఆలస్యమైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, ధ్వని వేగం దగ్గర ఆ ఒరిపిడి బాగా ఎక్కువ.

కాబట్టి సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఎలీలో ఒక రకం, లాపువా సెంటర్ ఎక్స్... ఇలా ఐదారు రకాలు తలా ఒక పెట్టె తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా మొదటి 10, 15 రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి, పాత తూటా మైనం పోయి కొత్తది బ్యారెల్‌కి పట్టాలి. ఆ తర్వాత ఐదేసి రౌండ్ల గ్రూపులు ఐదు కాల్చి సగటు చూడండి. బాగా వచ్చిన ఒక్క గ్రూపుని ఫోన్‌లో ఫొటో తీసుకుని 'నా రైఫిల్ ఇంతే కొడుతుంది' అనుకోవడం తనని తాను మోసం చేసుకోవడమే. మీ రైఫిల్‌కి నచ్చినది దొరికాక అదే లాట్ నంబరు (ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు) ఉన్న పెట్టెలు వీలైనన్ని కొని పెట్టుకోండి, ఎందుకంటే అదే పేరుతో వచ్చే వేరే లాట్ మీ బ్యారెల్‌కి పడకపోవచ్చు. పోటీల్లో దిగేవాళ్లు జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా టెస్ట్ సెంటర్‌కి తమ రైఫిళ్లు పట్టుకెళ్లి మరీ లాట్ ఎంచుకునేది ఇందుకే.

దీని తర్వాత స్టాకు స్క్రూలు. చేతి అంచనాతో బిగిస్తే ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, టార్క్ రెంచి కొనండి, మాన్యువల్ చెప్పిన కొలతతో మొదలుపెట్టండి. తర్వాత రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్, స్టాకు కలిసేచోట వేలు పెట్టి ముందు స్క్రూ మెల్లగా వదులు చేయండి. బ్యారెల్ పైకి లేచినట్టు వేలికి తెలిస్తే స్టాకులో యాక్షన్ (బోల్ట్ నడిచే లోహపు భాగం) సరిగ్గా కూర్చోక వంగుతోందన్నమాట, అప్పుడు బెడ్డింగ్, అంటే అది కదలకుండా కూర్చునేలా స్టాకులో అచ్చు వేయించడం, దండగ కాదు. బ్యారెల్ కింద ఒక కాగితం ముక్క దూర్చి లాగండి, ఎక్కడైనా ఇరుక్కుంటే అక్కడ చెక్క తగులుతోంది.

ట్రిగ్గర్ కొత్తది అక్కర్లేదు. ఉన్నదాన్నే స్క్రూతో తేలిక చేసుకోండి, కానీ మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటొద్దు. సర్దిన ప్రతిసారీ ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి, బోల్ట్ గట్టిగా మూసి, బట్‌ని (స్టాకు వెనక చివర) రబ్బరు సుత్తితో తట్టి చూడండి, ఒక్కసారి ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టే మొన) తనంతట తాను పడిపోయినా అది మరీ తేలికైపోయినట్టే, వెంటనే బిగించండి. సియర్‌ని (ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే ముక్క) ఆకురాయితో నున్నగా చేసే పని మాత్రం ఇంట్లో చేయొద్దని బతిమాలుతున్నాను. వీడియోలో సులువుగానే కనిపిస్తుంది, ఒక వెంట్రుకవాసి కోణం మారినా రైఫిల్ దానంతటదే పేలే ప్రమాదం ఉంది.

స్కోప్ పెట్టాక మీ చెంప స్టాకుకి ఆనుతోందా? గాలిలో తేలుతుంటే చీక్ రైజర్ (స్టాకు మీద చెంప ఆనేచోట ఎత్తు పెంచే దిండు) కట్టండి. చవకైన వస్తువే గానీ, కన్ను ప్రతిసారీ ఒకేచోటికి రావడానికి ఇంతకు మించినది లేదు. ఇవన్నీ అయ్యాక కూడా గ్రూపు విడిపోతుంటే అప్పుడు బ్యారెల్ గురించి మళ్లీ రాయండి.

ప్రశ్న: బ్యారెల్ ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి? ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేస్తే పాడవుతుందా?

జవాబు: గ్రూపు చెడటం మొదలైనప్పుడు చేయండి, అతిగా తోమాల్సిన పని లేదు. శుభ్రం చేసే రాడ్ వెనకనుంచే పెట్టండి, బోర్ గైడ్ (రాడ్ పక్కలకి ఒరుసుకోకుండా నడిపించే గొట్టం) తప్పనిసరి, మూతి వైపునుంచి దూర్చితే అక్కడి అంచు అరిగి గురి శాశ్వతంగా దెబ్బతింటుంది. చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ముందు గట్టిగా పేరుకునే మసి వలయాన్ని మాత్రం వదలకండి. ఇక ఖాళీ ట్రిగ్గర్ సంగతి: ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుకి తగిలేలా ఉన్న రైఫిళ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, అంచు దెబ్బతింటుంది. మాన్యువల్ సరేనంటే తప్ప స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) వాడండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 15 ఏళ్లు, రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చేస్తోంది. స్వప్నిల్ కుశాలేకి పారిస్‌లో పతకం వచ్చినప్పటినుంచి 50 మీటర్లు మొదలుపెడతానంటోంది. రైఫిల్ ఇప్పుడే కొనాలామ్మా?

జవాబు: వద్దు బాబుగారూ. ఎయిర్ రైఫిల్‌లా కాదు, పాయింట్ టూటూకి ఆయుధ లైసెన్స్ కావాలి. అమ్మాయి వయసుకి మొదట క్లబ్బు రైఫిల్‌తో, కోచ్ పర్యవేక్షణలోనే చేయాలి. లైసెన్స్, దిగుమతి పర్మిట్ నిబంధనలు మీ క్లబ్బు ద్వారా రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌లో కనుక్కోండి. కుశాలే 2024లో కంచు గెలిచిన త్రీ పొజిషన్స్‌లో మోకాలిమీద, పడుకుని, నిలబడి కాల్చాలి. 10వ రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, అదీ 50 మీటర్ల దూరంలో. పైగా ఎయిర్ రైఫిల్‌కి లేని గాలి ఇక్కడ ఉంటుంది. ముందు పడుకుని కాల్చడం నేర్చుకోనివ్వండి, జెండాలు చూసి గాలి అంచనా వేయడం అలవాటు కానివ్వండి. ఎదిగే వయసు కాబట్టి ఒళ్లు, చేతుల పొడవు మారుతూనే ఉంటాయి. ఎప్పుడు కొన్నా బట్, చెంప ముక్క రెండూ జరుపుకునే వీలున్న స్టాకే తీసుకోండి, దానికోసం జర్మన్ కంపెనీ అన్‌షుట్జ్‌లో పాతదైనా ఫరవాలేదు, కానీ కోచ్ దగ్గరుండి కాల్చి చూశాకే.