చిట్టీ, బండి అవతల ఉండాలి

చిట్టీ,

హంపీలో సొంతంగా గైడును మాట్లాడుకున్నావని, అమ్మను కూడా వెంటబెట్టుకుని రెండు రోజులు నడిచి చూడబోతున్నారని అల్లుడు నిన్న ఫోన్లో చెప్పాడు. ఎవరినీ అడక్కుండా అన్నీ నువ్వే చూసుకున్నావంటే గర్వంగానే ఉంది. అమ్మ మోకాళ్లు గుర్తొచ్చి రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం విని "సరే మామయ్యా" అంటావు, నీ సంగతి నాకు తెలియదా.

హోసపేటలో రైలు దిగితే హంపీ 13 కిలోమీటర్లు. టోపీ, రబ్బరు అడుగున్న బూట్లు, మనిషికి రెండు గంటలకో లీటరు నీళ్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

గైడు సంగతి చూద్దాం. కర్ణాటక పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందో లేదో ముందే అడుగు. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడకు, కార్డున్నవాడు సంతోషంగా చూపిస్తాడు. అక్కడ తెలుగు బాగా వచ్చిన గైడ్లు దొరుకుతారు, అమ్మ కోసం తెలుగులోనే చెప్పించుకో. డబ్బు ఎంతన్నది ఒక్కటే తేల్చుకుంటే చాలదు. ఎన్ని గంటలు, ఏయే చోట్లు, బండి అందులో కలిసి ఉందా విడిగానా, టికెట్లు ఎవరు కొనాలి, వాన పడితే ఏం చేస్తారు, ఈ అయిదూ మెసేజ్‌లో రాయించుకో. నోటిమాట మీద వెళితే రెండో గంటలోనే "ఇది ప్యాకేజీలో లేదు మేడం" అన్న మాట వినిపిస్తుంది.

గైడుకు విషయం తెలుసో లేదో పట్టుకోవడానికి ఒక ప్రశ్న చెబుతాను. హజారరామాలయం ఎవరి కాలం నాటిదని అడుగు. కృష్ణదేవరాయలు కట్టించాడన్నాడంటే వేరే మనిషిని చూసుకో. అది 15వ శతాబ్దం మొదట్లో, మొదటి దేవరాయల కాలంలో మొదలైన గుడి. రాయలు గద్దెనెక్కింది 1509లో. తెలుగువాళ్లం కనబడగానే ప్రతి రాయినీ రాయలకే అంటగట్టి మనల్ని సంతోషపెట్టే గైడ్లు ఉన్నారు, మనమూ సంతోషపడిపోతాం. లోటస్ మహల్, రాణీ స్నానశాల లాంటి పేర్లు నగరం పాడుబడిన చాలాకాలానికి పెట్టుకున్నవి. "అంటారు" అనే మాటను, "శాసనంలో ఉంది" అనే మాటను విడదీసి చెప్పే మనిషి దొరికితే వదులుకోకు. అడిగినదానికంటే వంద ఎక్కువే ఇవ్వు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. హంపీలో అందరూ చేసే తప్పు ఒకటుంది. నేనూ చేశాను, ఆ రోజు నా పక్కనున్నది మీ అమ్మే. ఆ కథ అమ్మనడుగు, నవ్వుతూ చెబుతుంది. తప్పు ఎలా జరుగుతుందో మాత్రం నేను చెబుతాను.

అక్కడ చూడాల్సినవన్నీ ఒక్కచోట ఉండవు. యునెస్కో జాబితాలో 1986లో చేరిన ఆ ప్రాంతం 4,187 హెక్టార్లు. విరూపాక్షాలయం, బజారు నది ఒడ్డున ఉంటాయి. రాజప్రాసాదాల ఆవరణ దక్షిణంగా, కమలాపురం వైపు ఉంటుంది. విఠలాలయం ఈశాన్యంలో, మళ్లీ నది ఒడ్డునే. విరూపాక్షం నుంచి విఠలాలయానికి నది వెంట కాలిబాట ఉంది, సుమారు రెండు కిలోమీటర్లు. బండి ఆ దారిన పోదు. కమలాపురం మీదుగా చుట్టు తిరిగి 9-10 కిలోమీటర్లు రావాలి. చిక్కంతా ఇక్కడే. మ్యాపులో రెండు గుళ్లూ పక్కపక్కనే కనబడతాయి. గైడు "అరగంట నడక" అంటాడు. అబద్ధం కాదు, ఉత్త చేతులతో నడిచే గైడుకు అరగంటే. ఆగి చూసుకుంటూ నడిచేవాళ్లకు రెండు గంటలు.

ఆటోను బజారులోనే ఆపి, "ఇక్కడే ఉండు, వచ్చేస్తాం" అని పదింటికి బయల్దేరతారు. బజారు చివర ఎదురు బసవణ్ణ అనే పెద్ద రాతి నంది దాకా చదును నేల, హాయిగా ఉంటుంది. ఆ తర్వాత బండల మధ్య మెట్లు, కొన్నిచోట్ల వంగి దూరాల్సిన సందులు. కోదండరామాలయం, అచ్యుతరాయల గుడి వీధి, రాజతులాభారం (రాజును తూచేవారని చెప్పే రాతి కమాను) చూసుకుంటూ వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. సీసాలో నీళ్లుండవు. విఠలాలయం ముందుకు చేరాక తెలుస్తుంది, బండి పది కిలోమీటర్ల అవతల ఉందని. ఫోన్ చేస్తే డ్రైవరు భోజనానికి వెళ్లి ఉంటాడు, లేదా ఇంకో బేరం ఎక్కించుకుని ఉంటాడు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "రెండు కిలోమీటర్లేగా, వచ్చిన దారినే పోదాం" అని. వచ్చేటప్పుడు ఎక్కిన మెట్లన్నీ ఇప్పుడు దిగాలి. మోకాళ్లు నొప్పెట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. పైనుంచి ఎండ, కిందనుంచి గ్రానైటు బండ సెగ. దారి మధ్యలో కూలబడితే ముందుకైనా వెనక్కైనా దూరం ఒకటే, ఆటోను పిలిచినా రాలేదు.

మధ్యలో ఆగిపోయి వెనుదిరిగినవాళ్లకు ఇంకో నష్టం ఉంది. అంత దూరం వెళ్లీ విఠలాలయం చూడకుండానే వచ్చేస్తారు.

కాబట్టి ఇలా చెయ్యి. రెండో రోజు పొద్దున ఆరున్నరకల్లా విరూపాక్షాలయంలో ఉండండి. దర్శనం అయ్యాక గర్భగుడి వెనక చీకటి గదిలోకి గైడు తీసుకెళతాడు, రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది, చిన్న కన్నంలోంచి వెలుగు రావడంవల్ల. అక్కడినుంచి విడిపోండి. అమ్మనూ అల్లుణ్ణీ ఆటోలో రోడ్డున పంపించు. నువ్వు, గైడు ఏడుంపావుకు నది దారి పట్టండి. ఆటో విఠలాలయం పార్కింగులోనే ఉండిపోవాలి, తిరిగి బజారుకు రాకూడదు. ఈ మాట డ్రైవరుకు బయల్దేరేముందే చెప్పు, వెయిటింగ్ ఎంతో తేల్చు, నంబరు అల్లుడి ఫోన్లో కూడా ఉండాలి. పార్కింగు నుంచి గుడి దాకా సుమారు కిలోమీటరు, దానికి బ్యాటరీ బండ్లు నడుపుతారు. అమ్మను అందులో ఎక్కించమను. తొమ్మిదింటికి గుడి వాకిట్లో అందరూ కలుసుకుంటారు, జనం ఇంకా పలచగానే ఉంటారు.

అమ్మ "నేనూ నడుస్తాను, నాకేమైంది" అంటుంది. విన్నట్టే విని ఆటో ఎక్కించు. మామయ్య చెప్పాడని నా మీదకు తోసెయ్యి, నాకేం ఫర్వాలేదు.

టికెట్ దగ్గర ఒక మెలిక ఉంది. విఠలాలయంలో కొన్న టికెట్ అదే రోజు జనానా ఆవరణకు, అంటే లోటస్ మహల్, గజశాల ఉన్నచోటుకు కూడా చెల్లుతుంది, కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. అది వృథా కాకూడదని మిట్టమధ్యాహ్నం అటు పరుగెత్తేవాళ్లు ఉన్నారు. నలభై రూపాయల కోసం అమ్మను ఎండలో తిప్పకు. రెండు రోజులూ రెండు టికెట్లు కొను, పోయేదేం లేదు.

రాజప్రాసాదాల వైపు మొదటి రోజు మధ్యాహ్నం పెట్టుకో. ముందు మ్యూజియం. నడక మొదలుపెట్టకముందే చూడాలి, అయ్యాక కాదు. లోపలి వాకిట్లో హంపీ మొత్తానికి నమూనా కట్టి పెట్టారు, కొండలూ నదీ గుళ్లూ అన్నీ కాళ్లముందు కనబడతాయి. రెండు గుళ్ల మధ్య దారి ఎందుకు చుట్టు తిరుగుతుందో అక్కడే అర్థమైపోతుంది. శుక్రవారం మ్యూజియం మూత. మీ తేదీ శుక్రవారం పడుతుందేమో ఇప్పుడే క్యాలెండర్ చూడు. మూడు దాటాక జనానా ఆవరణ. టికెట్ ఉన్నచోటు ముందు ముగించుకో, దానికి తలుపులు వేసే వేళ ఉంటుంది. గజశాలలో పదకొండు గదులు, గుమ్మటాలు జంటజంటగా ఉంటాయి, చూసెయ్యండి. ఆ తర్వాత హజారరామం. ప్రహరీ బయటి గోడమీద వరుసలుంటాయి: అడుగున ఏనుగులు, పైన గుర్రాలు, ఆ పైన సైనికులు, నాట్యగత్తెలు. రామాయణం లోపల గుడి గోడమీద మూడు వరుసల్లో ఉంది. ప్రదక్షిణగా తిరుగుతూ వరుస ప్రకారం చదవాలి. అక్కడో ఇక్కడో చూసి ఫోటోలు తీసుకుని వచ్చేస్తే కథ అందదు. గైడును మొదటినుంచి చెప్పమను, అరగంట పట్టినా పట్టనీ. గుంపుతో పోతే ఇలా ఆపించుకోలేం, నువ్వు విడిగా గైడును మాట్లాడుకున్నది ఇందుకే.

మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక దగ్గర మెట్ల పుష్కరిణి ఒకటుంది, 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాయి మెట్లు అంచు చెదరకుండా ఇప్పుడు చెక్కినట్టే ఉంటాయి. దిగనివ్వరు. కానీ పైనుంచి రాళ్లను నింపాదిగా చూడు, చిన్న చిన్న గీతలు, అక్షరాలు కనబడతాయి. ఈ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నోది అని శిల్పులు వేసుకున్న గుర్తులవి. అంటే ముందే ఎక్కడో చెక్కి, లెక్కపెట్టి, తెచ్చి పేర్చారన్నమాట. గైడు వీటి గురించి చెప్పకుండా ముందుకు నడిస్తే నువ్వే ఆపి అడుగు. దిబ్బ పైకి అమ్మ ఎక్కక్కర్లేదు, బొమ్మలన్నీ కింది అంతస్తుల గోడల మీదే ఉన్నాయి.

రెండో రోజు సాయంత్రానికి గైడు అక్కర్లేదు. కృష్ణాలయం, లక్ష్మీనరసింహుడు, బడవి లింగం దగ్గరదగ్గరే. కృష్ణాలయం రాయలు ఉదయగిరి గెలిచి వచ్చి కట్టించింది, మన నెల్లూరు వైపు ఉదయగిరే. నరసింహుడు 1528 నాటి ఒంటిరాతి విగ్రహం, 6.7 మీటర్ల ఎత్తు. తొడ మీద కూర్చున్న లక్ష్మి విరిగిపోయింది. పక్కకు వెళ్లి వెనక నడుము దగ్గర చూస్తే అమ్మవారి చెయ్యి మాత్రం ఇప్పటికీ అంటుకుని ఉంటుంది. పొద్దుగూకే వేళకు హేమకూటం బండ ఎక్కండి, వాలు తక్కువ, అమ్మ కూడా మెల్లగా ఎక్కగలదు. వాన పడితే మాత్రం ఎక్కొద్దు, ఆ బండ మీద నీళ్లుంటే పాచిపట్టిన చప్టా ఒకటే, అదీ ఒకటే. మతంగ పర్వతం నిటారు కొండ, దాని ఊసెత్తకు.

ఇప్పుడు కోప్పడతాను. నదిలో కాళ్లు కడుక్కుంటామన్న మాట అల్లుడి నోట వచ్చింది. తుంగభద్ర అక్కడ చెరువులా కనబడుతుంది, అంతా మోసం. బండల కింద సుడులు, నున్నటి పాచి, మొసళ్లు కూడా ఉన్నాయని అక్కడే బోర్డులు పెట్టారు. పైన హోసపేట దగ్గర ఆనకట్ట ఉంది, 33 గేట్లు. నీళ్లు వదిలితే ఒడ్డునున్న పురందర మండపం మునిగిపోతుంది. పొద్దున మోకాలి లోతున్నచోట సాయంత్రం స్తంభాల సగం దాకా నీళ్లుంటాయి. వదులుతున్నారో లేదో ముందురోజు గైడును అడుగు. వదులుతున్నారంటే నది దారి మానేసి నువ్వు కూడా ఆటో ఎక్కు. పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, ఎక్కాలనుంటే లైఫ్ జాకెట్ ఇవ్వనివాడి పుట్టి ఎక్కొద్దు. అమ్మను అసలు ఎక్కించకు. ఇందులో ఎవరి మాటా వినను.

విఠలాలయంలో స్తంభాలు మోగుతాయని అందరికీ తెలుసు, కొట్టడం నిషేధం. ఎవరో చాటుగా కొట్టి వినిపిస్తానంటే వద్దను.

రాతిరథం దగ్గర తొందరపడకండి. అది ఒంటిరాయి కాదు, గరుత్మంతుడికి కట్టిన గుడి, రాళ్లు అతికిన చోట్లు చెక్కడంలో కలిసిపోయి కనబడకుండా చేశారు. యాభై రూపాయల నోటు మీదున్న రథమే. ముందున్న రెండు ఏనుగులు మొదట పెట్టినవి కావు. పక్కకు వెళ్లి ఏనుగుల వెనక వంగి చూస్తే పాత గుర్రాల కాళ్లు కనబడతాయి, గైడు చెప్పకపోయినా నువ్వు వెతికి అమ్మకు చూపించు. నాతో వచ్చిన ఆ రోజు అమ్మ రాజతులాభారం దగ్గరే కూర్చుండిపోయింది, అక్కడిదాకా రాలేకపోయింది.

విరూపాక్షంలో చెప్పులు విడిచి నడవాలి, పొద్దున చల్లగా ఉన్నా తిరిగొచ్చేసరికి రాయి కాలుతుంది. అమ్మ సంచిలో సాక్సులు రెండు జతలు పెట్టు.

మీ మామయ్య