ముందు చొక్కా సంగతి చూడండి, తర్వాత ట్యూబు

మూడేళ్ల బాబుకి రెండు రకాల సన్‌స్క్రీన్లు మార్చి మార్చి రాసినా బుగ్గలు ఎర్రబడి దురద పెడుతున్నాయి, రెండూ 'పిల్లల కోసం' అని రాసి ఉన్నవే, ఇప్పుడు ఏది కొనాలి అని అడిగారు కదండీ. మా పాపకి పసితనం నుంచే ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురద పెట్టే జబ్బు. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, బుగ్గలు, ఏడాదంతా ఏదో ఒకటి పేచీ పెడుతూనే ఉంటుంది. అందుకే మీ టెన్షన్ నాకు బాగానే తెలుసు. బ్రాండ్ పేరు మాత్రం చెప్పను. మా పాపకి పడింది మీ బాబుకి పడాలని లేదు, పైగా కంపెనీలు డబ్బా మీద పేరు అలాగే ఉంచి లోపల సరుకు మార్చేస్తుంటాయి.

అన్నిటికన్నా ముందు, క్రీమ్ రాయాల్సిన చోటు తగ్గించండి. ఒళ్లంతా పూయడానికి క్రీమ్ వెతకడం వేరు, ముఖానికీ చేతులకీ సరిపోయేది వెతకడం వేరు. నిండు చేతుల వదులు చొక్కా, చీలమండల దాకా వచ్చే పల్చటి ప్యాంటు, చెవుల మీదా మెడ వెనకా నీడ పడేలా చుట్టూ వెడల్పు అంచున్న టోపీ వేస్తే ఇక మిగిలేది ముఖం, మెడ ముందు భాగం, అరచేతుల వెనక వైపు, పాదాలు. అంతే. చొక్కా చెమటకి కారిపోదు, కళ్లలోకి పోయి మండదు, రెండు గంటలకోసారి మళ్లీ వేయక్కర్లేదు. యూపీఎఫ్ (బట్ట ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50 అని రాసి ఉన్న బట్ట అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతం మాత్రమే లోపలికి రానిస్తుంది. అదే కొనాలని కూడా లేదు, ఇంట్లో ఉన్న చొక్కాని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, నేత దగ్గరగా ఉండి అవతలి వెలుతురు పెద్దగా కనిపించకపోతే రోజువారీ ఆటలకి బాగానే పనికొస్తుంది. తెల్లటి పల్చటి నూలు బట్ట తడిస్తే మాత్రం రక్షణ బాగా తగ్గిపోతుంది, నీళ్లాటలకి అది వద్దు. ఎగ్జిమా పిల్లలకి ఇంకో తలనొప్పి ఏంటంటే ఒంటికి బిగుతుగా అతుక్కునే ఈత చొక్కాల్లో ఒళ్లు వేడెక్కి చెమట పట్టి దురద మొదలవుతుంది, అందుకని మేం నీళ్లలో ఉన్నంతసేపే వాటిని వాడి బయటికి రాగానే మార్చేస్తాం, మెడ దగ్గర లేబుల్ అయితే కొన్న రోజే కత్తిరించేస్తాం.

టైమ్ విషయంలో ఒక్కటే గుర్తు పెట్టుకోండి, పిల్లాడి నీడ వాడి ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్టు. మా పాపకి ఇది ఆటలా నేర్పాం, ఇప్పుడు తనే నీడ మీద కాలు పెట్టి 'పొట్టిగా ఉంది' అని వచ్చి చెబుతుంది. ఫోన్‌లో యూవీ ఇండెక్స్ (అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) కనిపిస్తుంటే అది 3కి చేరినప్పటి నుంచి జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మబ్బు పట్టిందని ధీమా పడకండి, పల్చటి మబ్బులోంచి ఆ కిరణాల్లో చాలా భాగం దిగుతుంది.

ఇక ట్యూబు. ముందు వైపు బొమ్మలు, పాపాయి ఫొటో, 'సున్నితమైన చర్మానికి' అన్న మాట, ఇవేవీ లెక్కలోకి తీసుకోకండి. 'హైపోఅలర్జెనిక్' (అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ) అన్న మాటకి అమెరికాలో అయినా చట్టం ఇచ్చిన నిర్వచనం లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వెనక్కి తిప్పండి. ఎండని ఆపే పదార్థాల చోట జింక్ ఆక్సైడ్ గానీ, టైటానియం డయాక్సైడ్ గానీ, లేదా ఆ రెండూ గానీ, ఇవి తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇవి చర్మం పైనే ఉండిపోయే ఖనిజాల పొడులు, వీటికి అలర్జీ రావడం చాలా అరుదు. (అద్దంలా కిరణాలని తిప్పికొడతాయని అంటుంటారు గానీ నిజానికి ఎక్కువ భాగం పీల్చుకునే ఆపుతాయి, అది వేరే కథ.) ఎండని ఆపడానికే కలిపే ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటి రసాయనాలు కొందరికి అలర్జీ తెస్తాయి, ఆ అలర్జీల్లో ఒక రకం ఎండ తగిలాకే బయటపడుతుంది. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన ప్రతిపాదనలో సురక్షితం అనడానికి సరిపడా సమాచారం ఉందని చెప్పింది ఈ రెండు ఖనిజాల గురించే. మిగతా చాలావాటికి ఇంకా సమాచారం కావాలంది, అవి హానికరం అనలేదు, కాబట్టి బెంబేలు పడక్కర్లేదు. కానీ చర్మం గొడవ చేసే పిల్లాడికి జింక్‌తో మొదలుపెట్టడమే తెలివైన పని. ముందు వైపు 'మినరల్' అని పెద్దక్షరాల్లో ఉండి వెనక ఖనిజాలూ రసాయనాలూ కలిపినవి ఉంటాయి, అక్కడే మోసపోతాం.

నన్నడిగితే మీ బాబు విషయంలో అసలు దొంగ ఎండని ఆపే పదార్థం కాకపోవచ్చు. సువాసన, నిల్వ ఉంచడానికి కలిపేవి, ఇవి ఎక్కువ అనుమానించాల్సినవి. నిల్వ కోసం కలిపేవాటిలో మిథైల్ఐసోథయాజోలినోన్ అన్న పేరు కనిపిస్తే ఆ ట్యూబు పెట్టేసి రండి. లావెండర్, నారింజ తొక్క నూనెల్లాంటివి 'సహజం' అని గొప్పగా రాస్తారు, అలర్జీకి సహజమా కాదా అనవసరం. 'వాసన లేదు' అని రాసి ఉన్నా అసలు వాసన తెలియకుండా ఇంకో పరిమళం కలిపి ఉండొచ్చు, 'సువాసన ద్రవ్యాలు కలపలేదు' అని ఉన్నది వెతకండి. జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఎస్‌పీఎఫ్ (ఎండకి కమలకుండా క్రీమ్ ఎంత కాపాడుతుందో చెప్పేది) అంకె కోసం కొట్టుకోవద్దు. 30 ఉన్నది యూవీబీలో (చర్మాన్ని కమిలించే కిరణాల్లో) దాదాపు 97 శాతం ఆపితే, 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల కిరణాల్నీ ఆపేది) అని మాత్రం ఉండాలి, లేకపోతే చర్మంలోకి ఇంకా లోతుగా దిగే యూవీఏ కిరణాల సంగతి తేలదు. ఆ అంకెలు కూడా చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల మందాన రాసి కొలిచినవి, మనం పిల్లల వెనక పరిగెడుతూ రాసేది అందులో సగం ఉంటే గొప్ప. అందుకే రెండు గంటలకోసారి, తడిసి తుడుచుకున్నాక మళ్లీ రాయాలి. స్ప్రేలు అస్సలు వద్దు, పిల్లలు పీల్చేస్తారు, ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో కూడా తెలియదు. జెల్‌లో తరచూ ఆల్కహాల్ ఉంటుంది, పగిలిన చర్మం మీద చుర్రుమంటుంది. మామూలు క్రీమ్, కళ్ల చుట్టూ స్టిక్ చాలు. జింక్‌తో ముఖం పిండిలో ముంచినట్టు తెల్లగా అవుతుంది, నిజమే, కానీ ఎక్కడ రాయడం మిగిలిపోయిందో ఇట్టే కనబడుతుంది కాబట్టి నాకది ఇష్టమే.

కొత్త ట్యూబు రాగానే ముఖానికి పెట్టకండి. ముంజేతి లోపలి వైపు చిన్న బిళ్లంత చోట పొద్దునా సాయంత్రం ఓ వారం రాయండి, అలర్జీ చాలాసార్లు రెండు మూడు రోజులకి గానీ బయటపడదు. రాసిన వెంటనే మండి కాసేపట్లో తగ్గిపోతే అది అలర్జీ కన్నా పొడిబారి పగిలిన చర్మం మీద పడిన మంట అయ్యే అవకాశమే ఎక్కువ. బట్ట కింద చెమట పట్టిన చోట సన్నటి పొక్కులు వస్తే చెమటకాయలు. అసలు క్రీమే రాయని రోజున కూడా ఎండ పడ్డ చోట దద్దు లేస్తే అది సన్‌స్క్రీన్ గొడవ కాదు, తప్పకుండా డాక్టర్‌కి చూపించండి. రసి కారుతున్న చోట ఏదీ పూయకండి, బట్ట కప్పండి.

రాసే పద్ధతి: ముందు మాయిశ్చరైజర్, అది ఇంకాక సన్‌స్క్రీన్, బయల్దేరడానికి పావుగంట ముందే. చుక్కలు పెట్టి అద్దండి, రుద్దొద్దు. రాత్రి తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. జింక్ ఓ పట్టాన వదలదు, సబ్బు పెట్టి తోమితే వచ్చే ఎరుపు పొద్దున్నకి క్రీమ్ ఖాతాలో పడుతుంది. మేం కాస్త మాయిశ్చరైజర్‌నే మళ్లీ ముఖానికి పట్టించి మెత్తటి తడిగుడ్డతో తుడిచి, తర్వాత గోరువెచ్చటి నీళ్లు పోస్తాం.

6 నెలల లోపు పసివాళ్ల గురించి ఎవరైనా చదువుతుంటే, వాళ్లకి క్రీమ్ కన్నా నీడా బట్టలే.

మీ దగ్గరున్న ఆ రెండు ట్యూబులూ పారేయకండి. వెనక జాబితాలు పక్కపక్కన పెట్టి రెండింటిలోనూ ఉన్న పేర్ల కింద గీత గీయండి. జింక్ మాత్రమే ఉన్న, సువాసన లేని మూడో క్రీమ్‌కి కూడా అలాగే ఎర్రబడితే ఇక నాలుగోది కొనే పని పెట్టుకోకుండా మూడు ట్యూబులూ సంచిలో వేసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవసరమనుకుంటే వీపు మీద ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలున్న పట్టీలు అంటించి చూసే పరీక్ష) చేసి ఏది పడట్లేదో చెబుతారు.