దూరవిద్య క్వాలిటీ సెల్‌లో చేరిన మా మేనకోడలికి

అమ్మణ్ణీ,

దూరవిద్య యూనివర్సిటీలో క్వాలిటీ సెల్‌లో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషమైంది. ఇదే తిరుపతిలో మెటీరియల్ పార్సిళ్లు కట్టించడం దగ్గర్నుంచి పరీక్షలు జరిపించడం దాకా ఉద్యోగమంతా ఇందులోనే చేసినవాణ్ణి, కాబట్టి అడక్కపోయినా చెప్తున్నా, విను.

నిన్ను ముందు ఫైళ్ల దగ్గర కూర్చోబెడతారు. యూజీసీ 2020 రెగ్యులేషన్స్ ప్రకారం దూరవిద్య నడిపే ప్రతి యూనివర్సిటీకీ సీఐక్యూఏ, అంటే నువ్వు చేరిన ఈ క్వాలిటీ సెల్ లాంటిది, ఉండాలి, ఏటా రిపోర్టు తయారుచేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. దూరవిద్యకి అనుమతి రావాలంటే కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్‌లో నాలుక్కి 3.01 స్కోరో, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో చోటో కావాలి కాబట్టి అందరి టెన్షనూ దాని మీదే ఉంటుంది. ఆ కాగితాలు నేర్చుకో, అవసరమే. కానీ నీ అసలు పని సత్యవేడులోనో పలమనేరులోనో ఒంటరిగా చదువుకునే పిల్లకి పుస్తకం టైముకి అందిందా, డౌటు వస్తే జవాబు దొరికిందా, రాసిన అసైన్‌మెంట్‌ని ఎవరైనా నిజంగా చదివారా అని చూడటం. ఈ మూడూ సరిగ్గా లేకపోతే రిపోర్టు ఎంత లావుగా ఉన్నా నాకు లెక్కలేదు.

అందుకే చేరిన వారంలోనే ఒక పని చెయ్యి. ఆఫీసులో కంప్యూటర్ పక్కన పెట్టి, ఏడెనిమిది వేలకి దొరికే చిన్న ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపేసి, కొత్తగా చేరే విద్యార్థి లాగా మొత్తం దారి నడువు. అప్లికేషన్, ఫీజు, లాగిన్, మొదటి పాఠం, అసైన్‌మెంట్ అప్‌లోడ్, అన్నీ. ఎక్కడ ఆగిపోయావో రాసుకో. అడ్మిషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఇప్పుడు డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు కావాలి, దానికి ఏబీసీ ఐడీ, అంటే చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు కావాలి, దానికి ఆధార్ కావాలి. మనవాళ్లకి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లైన ఆడపిల్లలకైతే అదీ మారిపోయి ఉంటుంది. పేర్లు కలవక స్క్రీన్ మీద ఎర్రగా ఒక మెసేజ్ వస్తుంది, అదీ ఇంగ్లీషులో, ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టేసి ఊరుకుంటుంది. ఆ మెసేజ్‌ని తెలుగులోకి మార్పించి, పేరు ఎక్కడ ఎలా సరిచేయించుకోవాలో దాని కిందే రాయించు. ఖర్చు లేని పని, ఇలాంటివాటికే ఎవరూ ముందుకు రారు.

ఇంక పాఠాల సంగతి. స్టూడియో కట్టాం, కెమెరాలు కొన్నాం అని గొప్పగా చూపిస్తారు. గంటన్నర లెక్చర్ వీడియో ఒక్కటిగా పెట్టేస్తే శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి హాస్టల్‌కి వచ్చిన అమ్మాయి ఎప్పుడు చూస్తుంది? పది పదిహేను నిమిషాల ముక్కలుగా పెట్టమను, ఆడియో విడిగా ఇవ్వమను, బస్సులో వింటారు. ఆడియోని తక్కువగా చూడొద్దు. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, రేడియో పాఠాలతో కూడా ఎంతోమంది ఇళ్లలోకి వెళ్లింది.

తెలుగు మీడియం మెటీరియల్‌ని మాత్రం నువ్వే స్వయంగా తెరిచి చూడు. పాతవి చాలావరకు డీటీపీలో అను ఫాంట్లలో కొట్టినవి. పైకి అక్షరాలు బాగానే కనిపిస్తాయి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడు, గజిబిజి గుర్తులు వస్తాయి. అంటే ఆ పీడీఎఫ్‌లో ఒక మాట వెతకలేం, చూపులేని విద్యార్థికి ఫోన్ చదివి వినిపించలేదు. కొన్నైతే పాత పుస్తకాన్ని అడ్డంగా స్కాన్ చేసి పెట్టినవి. వీటన్నిటినీ యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవడానికి, వెతకడానికి వీలయ్యే అక్షరాల్లోకి మార్పించడం, పాఠం పాఠానికి చిన్న ఫైలుగా విడగొట్టించడం కొత్త యాప్ కొనడం కంటే వంద రెట్లు మేలు. బడ్జెట్ మీటింగులో ఈ మాట గట్టిగా అడుగు, వెనక్కి తగ్గొద్దు. సిలబస్ మారినా పాత పుస్తకమే పంపుతున్నారేమో కూడా ఆ మెటీరియల్ తెరిచినప్పుడే చూసుకో.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది అసైన్‌మెంట్లు. మార్కుల్లో ముప్పై శాతం దాకా వీటికే పోతాయి. ఒక కట్ట తెప్పించుకుని కూర్చో. పన్నెండు పేజీలు చేత్తో రాసి, మార్జిన్లు గీసి, హెడ్డింగులు నీలం స్కెచ్‌తో పెట్టి, జీడీపీకి జీఎన్‌పీకి తేడా తిరగేసి రాసి ఉంటుంది ఒక పిల్ల. దాని మీద ఒక పొడుగాటి టిక్కు, చివర 24, పక్కన సంతకం. తప్పు రాశానని ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు, పరీక్షలోనూ అదే రాస్తుంది. రోజూ క్లాసుకెళ్లే పిల్లలకి మాస్టారు ఎదురుగా ఉంటాడు, మన పిల్లలకి ఆ ఎర్ర ఇంకే మాస్టారు. పేపరుకి కనీసం రెండు వాక్యాలు, ఏది తప్పో ఎక్కడ చదవాలో రాస్తేనే దిద్దిన డబ్బులు ఇవ్వాలని రూలు పెట్టించు. లెక్చరర్లకి కోపం వస్తుంది, రానీ. ప్రతి కట్టలో కొన్ని తీసి నువ్వు మళ్లీ చూస్తున్నావని తెలిస్తే అదే దారికొస్తుంది.

చాట్‌జీపీటీతో రాయించి పంపుతున్నారని గోల చేస్తారు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ల మీద డబ్బు పోయొద్దు, అవి నిజంగా రాసినవాళ్లని కూడా దొంగలంటాయి. ప్రశ్న మార్చమను. ధరల నిర్ణయం గురించి వ్యాసం రాయమంటే ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఊళ్లో తోతాపురి కాయని ఈ సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ ఎంతకి కొన్నది, రైతుని అడిగి రాయి అంటే వాళ్లు కదలాల్సిందే. కొందరికి ఓ ఐదు నిమిషాలు ఫోన్ చేసి రాసింది చెప్పమంటే ఇంకా మంచిది.

చదువు మధ్యలో మానేసేవాళ్ల లెక్క ఏడాది చివర తీస్తారు, అప్పటికి చేసేదేం ఉండదు. మొదటి అసైన్‌మెంట్ పంపనివాళ్లు, నెల రోజులుగా లాగిన్ కానివాళ్లు, ఈ రెండు లిస్టులు ప్రతి నెలా తీయించి ఫోన్ చేయించు. మెసేజ్ కాదు, ఫోన్. పార్సిల్ రాలేదనో, పాస్‌వర్డ్ మర్చిపోయాననో చిన్న చిన్న కారణాలే వింటావు, చాలావరకు ఆ రోజే తీరిపోతాయి.

బస్టాండు దగ్గర ఇంట్లో కూర్చుని డిగ్రీ అని బోర్డులు పెట్టేవాళ్ల విషయంలో మెత్తగా ఉండొద్దు. ఫ్రాంచైజీలు ఇవ్వకూడదని నిబంధన ఉంది. మీ స్టడీ సెంటర్ పేరు చెప్పి ఎవరైనా డబ్బు వసూలు చేస్తున్నారని తెలిస్తే వెంటనే రాతపూర్వకంగా పైకి పంపు. అనుమతి లేని కోర్సు చేస్తే ఏమవుతుందో 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో దేశమంతా చూసింది, దూరవిద్యలో ఇంజినీరింగ్ చేసి ఏళ్ల తరబడి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మళ్లీ పరీక్షకి కూర్చోవాల్సి వచ్చింది. యూజీసీ డెబ్ వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి ఏ సెషన్‌లో ఏ కోర్సుకి అనుమతి ఉందో లిస్టు ఉంటుంది, దాని లింకు మీ అప్లికేషన్ ఫారం మొదటి పేజీలోనే పెట్టించు.

ఏటా పెట్టే రిపోర్టులో లోపాలు కూడా రాయి. ఫలానా సెంటర్‌లో పాఠం చెప్పే కౌన్సెలర్ లేడు, ఫలానా పుస్తకం మూడు నెలలు ఆలస్యమైంది అని. ఎందుకమ్మా ఇవన్నీ అంటారు. తేదీలు, కాగితాలు దగ్గర పెట్టుకుని మాట్లాడు.

ఒక్క విషయం మర్చిపోయేలా ఉన్నా. పిల్లలు నేరుగా వచ్చి కూర్చునే కాంటాక్ట్ క్లాసులు గంగమ్మ జాతర వారంలోనూ, బ్రహ్మోత్సవాలప్పుడూ తిరుపతిలో పెట్టనివ్వొద్దు. కుప్పం నుంచి వచ్చే పిల్లలకి బస్సులో సీటు దొరకదు, రాత్రికి ఉండటానికి రూము దొరకదు. షెడ్యూలు ప్రింటుకి పోకముందే టీటీడీ క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడు, పుంగనూరు, కుప్పం వైపువాళ్లకి అక్కడే క్లాసులు పెట్టే వీలుందేమో కూడా కనుక్కో.

మీ మామ