కల్పనా చావ్లా బృందం తిరిగి రాదని నాసాకు ముందే తెలుసా?

ప్రశ్న: "కొలంబియా దెబ్బతిందని నాసాకు మొదట్లోనే తెలుసట. ఎలాగూ కాపాడలేమని 16 రోజులు వాళ్లకు చెప్పకుండా దాచారట. వాట్సాప్‌లో వస్తోంది, నిజమేనా? కల్పనతో పాటు పోయిన ఆరుగురు ఎవరు?"

నిజం కాదు. కానీ అసలు జరిగింది చదివితే ఇంకా ఎక్కువ బాధ కలుగుతుంది.

ముందు ఆ పుకారు సంగతి. కొలంబియా, అంతరిక్షానికి వెళ్లి తిరిగొచ్చే నాసా నౌకల్లో (షటిల్) ఒకటి. ఆ షటిల్ కార్యక్రమంలో పెద్ద బాధ్యతల్లో పనిచేసిన వేన్ హేల్ 2013లో ఒక జ్ఞాపకం రాశారు. కొలంబియా ఇంకా కక్ష్యలో ఉండగా ఒక పై అధికారి ఆయనతో అన్న మాట అది. ఉష్ణకవచం దెబ్బతిని ఉంటే మనం చేయగలిగిందేమీ లేదు, అలాంటప్పుడు వాళ్లకు తెలియకపోవడమే మేలు కదా అన్నది దాని సారాంశం. 'ఒకవేళ' అని అన్న మాట అది. అప్పటికి రెక్కకు చిల్లు పడిందని ఆ ఇద్దరికీ తెలియదు. చేతులు మారేసరికి ఆ 'ఒకవేళ' ఎగిరిపోయి 'తెలిసి దాచారు' మిగిలింది.

తెలిసింది ఇంతే. 2003 జనవరి 16న ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష ప్రయోగ కేంద్రం నుంచి బయల్దేరిన 82వ సెకనులో, బయటి ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. ట్యాంకును షటిల్ ముందు భాగానికి పట్టి ఉంచే రెండు కాళ్ల బిగింపు దగ్గరిది ఆ ముక్క. బరువు ముప్పావు కిలో ఉంటుంది, అంతే. పట్టుకుంటే మెత్తగా ఉండే ఫోమ్ అంత దెబ్బ ఎలా కొడుతుందని చాలామంది అడుగుతారు. తేలికగా ఉండడమే ఇక్కడ ప్రమాదమైంది. ఊడగానే గాలి దాన్ని ఒక్కసారిగా వెనక్కి పట్టేసింది, షటిల్ మాత్రం ధ్వని వేగానికి రెండున్నర రెట్లతో దూసుకుపోతోంది. రెండింటి వేగాల మధ్య తేడా గంటకు సుమారు 850 కిలోమీటర్లు. ఆ వేగంతో రెక్క అంచే వెళ్లి ఫోమ్‌ను గుద్దుకుందనుకోవచ్చు.

మర్నాడే ఇంజనీర్లు వీడియోలో ఇది చూశారు. కానీ తగిలిన చోటు స్పష్టంగా కనపడలేదు. దెబ్బను అంచనా వేయడానికి వాడిన కంప్యూటర్ ప్రోగ్రాము చిన్న చిన్న తునకల కోసం చేసింది. ఈ ముక్క వాటికన్నా వందల రెట్లు పెద్దది. అందుకే రక్షణశాఖ టెలిస్కోపులతోనో ఉపగ్రహాలతోనో రెక్కను ఫొటో తీయించమని ఇంజనీర్లు మూడుసార్లు వేర్వేరు దారుల్లో అడిగారు. ఒక్కటీ ముందుకు సాగలేదు. అంతకుముందు 2002 అక్టోబరులో మరో షటిల్ అట్లాంటిస్ వెళ్లినప్పుడు కూడా అదే చోటి ఫోమ్ ఊడింది. దాన్ని ఎగరడం ఆపాల్సిన లోపంగా చూడలేదు. 'ఫోమ్ ఊడటం మామూలే' అన్న ఆ అలవాటే ఈ ఏడుగురి ప్రాణం తీసిందని నా అభిప్రాయం. అడ్మిరల్ గెమాన్ నేతృత్వంలోని విచారణ బోర్డు కూడా, 2003 ఆగస్టు నివేదికలో, ఫోమ్‌తో సమానంగా నాసా పనితీరునే తప్పుపట్టింది.

'చెప్పకుండా దాచారు' అన్నదీ తప్పే. జనవరి 23న కమాండర్‌కూ పైలట్‌కూ ఈమెయిల్ వెళ్లింది. ఫోమ్ తగిలిందని, తిరుగు ప్రయాణానికి ఏ ఇబ్బందీ లేదని అందులో ఉంది. రాసినవాళ్లు నమ్మే రాశారు.

కాపాడే వీలుందా? మొదటి నాలుగైదు రోజుల్లో చిల్లు సంగతి తేలి ఉంటే, ఒక దారి ఉందని బోర్డు లెక్కకట్టి చూపించింది. లోపలి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు 69 ఉన్నాయి. కదలికలు తగ్గించి పొదుపుగా వాడితే ఫిబ్రవరి 15 దాకా వస్తాయి. అట్లాంటిస్ అప్పటికే మార్చి 1 ప్రయోగం కోసం సిద్ధమవుతోంది. రేయింబవళ్లు పనిచేస్తే, పరీక్షలేవీ వదలకుండానే, ఫిబ్రవరి 10 నాటికి నలుగురు సిబ్బందితో పంపవచ్చు. రెండు నౌకలు దగ్గరగా ఎగురుతుంటే ఒక్కొక్కరినీ స్పేస్‌సూటులో అవతలికి దాటించాలి. కష్టమే, కానీ అసాధ్యం కాదన్నారు. ఎక్కడా ఒక్కరోజు కూడా జారకూడదు, అదే ఫోమ్ అట్లాంటిస్‌ను కొట్టకూడదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిపోవచ్చు కదా అంటే కుదరదు. భూమధ్యరేఖతో పోలిస్తే కొలంబియా కక్ష్య వాలు 39 డిగ్రీలు, కేంద్రానిది 51.6. ఆ తేడా దాటడానికి ఇంధనం చాలదు.

ఇక ఆ ఏడుగురు. కమాండర్ రిక్ హస్బెండ్ టెక్సస్‌లోని అమరిల్లో మనిషి, నాలుగోసారి దరఖాస్తుకు గానీ వ్యోమగామిగా ఎంపిక కాలేదు. తాను పైన ఉన్న ప్రతిరోజూ చూడమని ఇద్దరు పిల్లలకూ విడివిడిగా ప్రార్థన వీడియోలు తీసి పెట్టి వెళ్లారు. పైలట్ విలియం మెక్‌కూల్ విమానవాహక నౌకల మీద 400కు పైగా ల్యాండింగులు చేసిన నేవీ అధికారి, అంతరిక్షానికి ఇదే మొదటిసారి. మైఖేల్ ఆండర్సన్ 1998లో రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. ఈసారి 80 దాకా ఉన్న ప్రయోగాల బాధ్యత ఆయనదే. డేవిడ్ బ్రౌన్ కాలేజీ రోజుల్లో సర్కస్‌లో విన్యాసాలు చేశారు. తర్వాత నేవీ డాక్టరై, ఆపైన నేవీ పైలట్ కూడా అయ్యారు. లారెల్ క్లార్క్ జలాంతర్గాముల వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు, ఎనిమిదేళ్ల కొడుకుంది. ఇలాన్ రమోన్ ఇజ్రాయెల్ మొదటి వ్యోమగామి, 1981లో ఇరాక్ అణు రియాక్టర్‌పై దాడి చేసిన పైలట్లలో ఒకరు. తల్లి ఆష్విట్జ్ నాజీ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డ మనిషి. ఆయన కక్ష్యలో రాసుకున్న డైరీ కాగితాలు టెక్సస్ పొలాల్లో దొరికాయి.

కల్పన గురించి కర్నాల్, పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీ, కొలరాడోలో 1988 డాక్టరేటు అందరికీ తెలిసినవే. తక్కువగా తెలిసినది 1997 నాటి మొదటి యాత్ర. ఆమె రోబో చేతితో వదిలిన స్పార్టన్ ఉపగ్రహం పనిచేయక, ఇద్దరు వ్యోమగాములు బయటికి వెళ్లి చేత్తో పట్టుకోవాల్సొచ్చింది. తప్పంతా ఆమెదేనని అప్పట్లో పత్రికలు రాశాయి. విచారణలో సాఫ్ట్‌వేర్, పని పద్ధతుల లోపాలు బయటపడి ఆమెకు మచ్చ తొలగింది. ఆ తర్వాతే కొలంబియాలో ఫ్లైట్ ఇంజనీరుగా సీటు వచ్చింది. మన శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరు 12న వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు 'కల్పన-1' అని పేరు పెట్టింది 2003 ఫిబ్రవరి 5న, ఆమె పోయిన నాలుగు రోజులకు.

చివరి నిమిషాల గురించి అడగలేదు, కానీ తెలియాలి. ఫిబ్రవరి 1 ఉదయం ఫ్లోరిడా టైము 9:16కు, మనకు సాయంత్రం 7:46కు దిగాలి. కాక్‌పిట్‌లో తీసిన ఒక టేపు శిథిలాల్లో దొరికింది. అందులో చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటున్నారు, క్లార్క్ కెమెరా పట్టుకున్నారు, కిటికీ బయటి నారింజ వెలుగు గురించి మాట్లాడుకుంటున్నారు. టేపు 8:48 ప్రాంతంలో ఆగిపోతుంది. సరిగ్గా ఆ సమయానికే ఎడమ రెక్కలోని ఒక సెన్సరు మొదటిసారి తేడా చూపించింది. రెక్క అంచు కార్బన్ ప్యానెళ్లు 1,600 డిగ్రీల వేడిని ఓర్చుకుంటాయి, వాటి వెనుక ఉన్న అల్యూమినియం 660కే కరుగుతుంది. తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు పుట్టే వేడి ఎనిమిదో ప్యానెల్‌లోని చిల్లులోంచి లోపలికి పోయింది. 8:59:37కు నౌక అదుపు తప్పింది, 9:00:18కి విడిపోయింది. మధ్యలో ఉన్న 40 సెకన్లలో మెక్‌కూల్ హైడ్రాలిక్స్‌ను (నౌకను అదుపు చేసే భాగాలను కదిలించే ద్రవపీడన వ్యవస్థను) తిరిగి తేవడానికి స్విచ్‌లు మార్చారని దొరికిన ప్యానెల్ చెప్పింది. కాబిన్‌లో గాలి పీడనం ఎంత వేగంగా పోయిందంటే, హెల్మెట్ అద్దం దించుకునే వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు, సెకన్లలోనే స్పృహ తప్పింది. ముగ్గురికి గ్లవ్స్ లేవు, ఒకరికి హెల్మెట్ లేదు. నిర్లక్ష్యం కాదు, దిగే ముందు పనుల జాబితా అంత బిగుతుగా ఉండేది. ఇవన్నీ నాసా 2008 డిసెంబరు నివేదికలో ఉన్నాయి. దాన్ని తయారుచేసిన బృందంలో లారెల్ భర్త, నాసా వైద్యుడు జొనాథన్ క్లార్క్ కూడా ఉన్నారు.

ఇంత కచ్చితంగా తెలియడానికి ఒక కారణం ఉంది. అంతరిక్షానికి వెళ్లిన మొదటి షటిల్ కొలంబియా కాబట్టి, తొలి పరీక్షల కోసం పెట్టిన ప్రత్యేక రికార్డరు అందులోనే ఉండిపోయింది. 2003 మార్చి 19న టెక్సస్‌లోని హెంఫిల్ దగ్గర అది చెడకుండా దొరికింది. జులై 7న శాన్ ఆంటోనియోలో అదే బరువు ఫోమ్‌ను అలాంటి ప్యానెల్ మీదికి అంతే వేగంతో విసిరికొడితే, అడుగున్నరకు దగ్గరగా చిల్లు పడింది. అక్కడితో వాదన ముగిసింది.

2005 నుంచి ప్రతి షటిల్ 15 మీటర్ల కెమెరా కర్రతో కక్ష్యలోనే తన రెక్కలను పరీక్షించుకునేది. 2009 మేలో అట్లాంటిస్ హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు వెళ్లింది. ఆ కక్ష్య నుంచి కూడా అంతరిక్ష కేంద్రానికి చేరలేరు కాబట్టి, అవసరమైతే వెళ్లి ఆ ఏడుగురినీ తెచ్చేందుకు ఎండీవర్ అనే మరో షటిల్‌ను పక్క ప్రయోగ ప్యాడ్ మీద సిద్ధంగా నిలబెట్టారు.