టర్కీ ఉప్పు కషాయం కాకుండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండుగ. ఆ రోజు ఇంట్లో టర్కీ కోడి చేయాలనుకుంటున్న అమెరికా పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. విజయవాడ నుంచి వచ్చిన క్రిస్మస్ ప్రశ్న కూడా ఒకటి ఉంది.

నాలుగు లీటర్ల నీళ్లకు కప్పు ఉప్పు కలిపి, టర్కీని రాత్రంతా నానబెట్టాను. రెసిపీలో ఉన్నది అంతే. తిన్నవాళ్లంతా ఉప్పు కషాయంలా ఉందన్నారు. ఎక్కడ తప్పు జరిగింది? (ఫ్రిస్కో, టెక్సాస్)

తప్పు కప్పుదే కావచ్చు. మనం కూరల్లో వేసే సన్న ఉప్పు కప్పుకు దాదాపు 290 గ్రాములు తూగుతుంది. అమెరికా రెసిపీల్లో చెప్పే కోషర్ ఉప్పు పలుకులుగా, గుల్లగా ఉంటుంది. అందులో తేలిక రకం కప్పుకు 140 గ్రాములు కూడా దాటదు. అదే కప్పు, ఉప్పు మాత్రం రెట్టింపు. అందుకే ఉప్పు తూకం వేసుకోండి.

రెండోది, కవరు మీద చిన్న అక్షరాలు చదవండి. ఫలానా శాతం 'సొల్యూషన్' కలిపామని రాసి ఉంటే, ఆ కోడికి ఫ్యాక్టరీలోనే ఉప్పునీళ్లు ఎక్కించారని అర్థం. కోషర్ టర్కీకి (యూదుల ఆహార నియమాల ప్రకారం కోసినది) కూడా ముందే ఉప్పు పట్టించి ఉంటారు. ఈ రెండింటినీ మళ్లీ ఉప్పునీటిలో వేయకూడదు. అలా ఎక్కించని కోడి దొరికితేనే ఈ పని పెట్టుకోండి.

12 పౌండ్ల (సుమారు 5.5 కిలోల) కోడికి 6 లీటర్ల నీళ్లు, 300 గ్రాముల ఉప్పు, 120 గ్రాముల బెల్లం లేదా పంచదార సరిపోతాయి. ఒకటిన్నర లీటరు నీళ్లలో ఉప్పు, బెల్లం, రెండు దాల్చినచెక్క ముక్కలు, ఎనిమిది లవంగాలు, రెండు అనాసపువ్వులు, చెంచాడు మిరియాలు వేసి ఒక పొంగు రానివ్వండి. పూర్తిగా చల్లారాక మిగిలిన చల్లటి నీళ్లు కలిపి, అప్పుడే కోడిని ముంచండి. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. గిన్నె స్టీలుదై ఉండాలి, అల్యూమినియం వద్దు. ముంచే ముందు కోడి లోపల చెయ్యి పెట్టి మెడ, కందనకాయ, కార్జం ఉన్న సంచీ బయటికి తీయండి. అది మరిచిపోయి అలాగే ఓవెన్‌లో పెట్టేవాళ్లు చాలామందే.

14 నుంచి 16 గంటలు చాలు, అంతసేపూ ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే, కోడినీ ఉప్పునీళ్లనీ పెద్ద సంచిలో బిగించి కట్టి, కూలర్ పెట్టెలో చుట్టూ ఐసు పేర్చండి. ఐసు నేరుగా ఉప్పునీళ్లలో వేస్తే కరిగి పలచబడుతుంది. మంగళవారం రాత్రి ముంచి, బుధవారం మధ్యాహ్నం తీసి, కాగితపు తువ్వాళ్లతో లోపలా బయటా తడి అద్దండి. కోడిని పసుపు వేసి కడగడం మనకు అలవాటే కానీ, ఇంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ చుక్కలు చుట్టుపక్కల గిన్నెలన్నిటి మీదా పడతాయి. కడగొద్దు. ఆ రాత్రంతా మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం ఆరి, కాల్చినప్పుడు కరకరలాడుతుంది.

గరం మసాలా దినుసులన్నీ ఉప్పునీటిలో దండిగా వేశాను. మాంసం లోపల మాత్రం మసాలా జాడే లేదు. (ఎడిసన్, న్యూజెర్సీ)

ఉండదు. ఉప్పు మాత్రమే కండ లోపలికి దిగుతుంది. దిగి అక్కడి ప్రొటీన్లను కాస్త విప్పి, కాల్చేటప్పుడు నీళ్లు పోకుండా పట్టుకునేలా చేస్తుంది. లవంగం, దాల్చినచెక్క, యాలకుల పరిమళం ఎక్కువగా నూనెలో కరిగేది, నీటిలో కరిగేది కాదు. అది చర్మం దగ్గరే ఆగిపోతుంది. పోపు నూనెలోనే ఎందుకు వేస్తామో ఇక్కడా అంతే. ఉప్పునీటిలో వేసే దినుసులు ఓ మోస్తరుగా చాలు, ఖరీదైన యాలకులు అందులో పోసి వృథా చేయకండి.

మసాలాను వెన్నలో పెట్టండి. మెత్తబడిన ఉప్పులేని వెన్న 115 గ్రాములకు చెంచా మిరియాల పొడి, చెంచా వేయించిన ధనియాల పొడి, ముప్పావు చెంచా దాల్చిన పొడి, అర చెంచా యాలకుల పొడి, పావు చెంచా లవంగాల పొడి, చిటికెడు జాజికాయ. ఉప్పు వేయొద్దు. లవంగం పావు చెంచా మించితే చేదెక్కి నాలుక తిమ్మిరెక్కుతుంది. రొమ్ము మీది చర్మం కిందికి వేళ్లు మెల్లగా పోనిచ్చి, చిరగకుండా విడదీసి, వెన్నలో మూడొంతులు అక్కడ పరవండి. మిగిలింది పైన రాయండి.

పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించవచ్చా అని చాలామంది అడిగారు. చర్మం ఉన్న టర్కీకి వద్దు. పెరుగు తడికి చర్మం మెత్తగా సాగుతుంది, వెల్లుల్లి మాడి చేదవుతుంది.

తొడలు ఉడికేసరికి రొమ్ము పీచుపీచుగా అయిపోతోంది. ఎంతసేపు కాల్చాలి? (శాన్ హోసే, కాలిఫోర్నియా)

గడియారం కన్నా థర్మామీటరును నమ్మండి. రొమ్ముకు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చాలు, అది దాటిన కొద్దీ ఎండిపోతుంది. తొడల్లో కండను పట్టి ఉంచే పదార్థం కరగాలంటే 175 దాకా వెళ్లాలి. చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. థర్మామీటరు మొనను ఎముకకు తగలకుండా తొడలో దళసరి చోట ఒకసారి, రొమ్ములో ఒకసారి గుచ్చి చూడండి. కొన్ని కోళ్లకు ముందే గుచ్చి వచ్చే ప్లాస్టిక్ టైమరు పైకి లేచేసరికి రొమ్ము ఎండిపోయి ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి.

ట్రేలో రెండు కప్పుల నీళ్లు పోసి, పైన జాలీ మీద కోడిని పెట్టి, కాళ్లు ఓవెన్ వెనక వైపుకి ఉంచండి, అక్కడ వేడి ఎక్కువ. 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట, తర్వాత 325కి తగ్గించండి. లోపల ఏమీ కూరకపోతే 12 పౌండ్లకు మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు. రెండు గంటల నుంచే చూడడం మొదలుపెట్టండి. రొమ్ము రంగు తేలాక దాని మీద మాత్రం ఫాయిల్ కప్పండి. బెల్లం పట్టిన చర్మం త్వరగా నల్లబడుతుంది. దించాక 30 నిమిషాలు ఆగి కోయాలి, లేకపోతే రసమంతా పీట మీదే.

కోడిని నిండుగా బల్ల మీద పెట్టాలనే పట్టింపు లేకపోతే ఇంకో దారి ఉంది. నిజానికి మేము చెప్పేది ఇదే. వెన్నెముకకు రెండు పక్కలా గట్టి కత్తెరతో కోసి తీసేసి, రొమ్ము మీద బలంగా నొక్కి పరచండి. 425లో 80–90 నిమిషాల్లో అయిపోతుంది, తొడా రొమ్మూ ఇంచుమించు ఒకేసారి ఉడుకుతాయి.

సోమవారం సాయంత్రం 14 పౌండ్ల గడ్డకట్టిన టర్కీ తెచ్చాం. గురువారానికి అవుతుందా? (షార్లెట్, నార్త్ కరోలినా)

ఫ్రిజ్‌లో 4–5 పౌండ్లకు ఒక రోజు చొప్పున పడుతుంది, కాబట్టి అంచుకే వచ్చారు. బుధవారం రాత్రికి లోపల ఐసు ఉంటే, నీళ్లు లోపలికి పోని సంచిలో పెట్టి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. మొత్తం గడ్డగానే ఉన్న కోడికి పౌండుకు అరగంట లెక్క. వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేయకండి.

మాది 30 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). క్రిస్మస్‌కి ఫారం నుంచి టర్కీ తెస్తున్నాం. (విజయవాడ)

నిండు కోడి పట్టదు. లెగ్ పీసులు, రొమ్ము విడివిడిగా కొట్టించండి. చర్మం ఉంచమని ముందే చెప్పాలి, లేకపోతే అలవాటుగా ఒలిచేస్తారు. ఉప్పునీళ్లూ అక్కర్లేదు: కిలో మాంసానికి 15 గ్రాముల ఉప్పు పట్టించి, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి. మసాలా వెన్న పైన చెప్పినదే. 180 సెల్సియస్‌లో తొడలు ముందు పెట్టి, అరగంట తర్వాత రొమ్ము చేర్చండి. తొడ 80, రొమ్ము 74 చూపగానే దేనికది దించండి. లేత కోడినే అడగండి. ముదురుదైతే ఎంత నానబెట్టినా కాల్చడానికి పనికిరాదు, కుక్కర్లో కూర చేసుకోవాల్సిందే.

గ్రేవీ ప్రతిసారీ ఉప్పగా వస్తోంది. (ఆస్టిన్, టెక్సాస్)

ఉప్పునీటిలో నానిన కోడి నుంచి కారే రసం ఉప్పగానే ఉంటుంది. మెడ, కందనకాయ ఉప్పు లేకుండా గంటన్నర ఉడికించి ఆ నీళ్లు వాడండి. కార్జం అందులో వేస్తే చేదు. మూడు పెద్ద చెంచాల కొవ్వులో మూడు పెద్ద చెంచాల మైదా దోరగా వేయించి, ఆ నీళ్లు రెండు కప్పులు పోసి చిక్కబడనివ్వండి. ట్రేలోని రసం చివర్లో, రుచి చూస్తూ చెంచా చెంచాగా కలపండి.