బావిలో క్రిములు చేరతాయని ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. మా బావికి ఎగువన పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గుంత ఉంది. వాన పడితే నీళ్ల రంగు మారుతోంది. ఏ బావిలో పరాన్నజీవులు చేరతాయో ముందే అంచనా వేయవచ్చా? బోరు వేయిస్తే ఇబ్బంది ఉండదా? మా నాలుగేళ్ల బాబుకు మూడు వారాలుగా విరేచనాలు తగ్గుతూ, మళ్లీ వస్తున్నాయి. షాపులో మెట్రోనిడజోల్ తెచ్చి రెండు రోజులు పట్టించాం.

డాక్టర్ జవాబు: బావి కంటే ముందు బాబు సంగతి చూడాలి. రెండు వారాలు దాటిన విరేచనాలను తేలిగ్గా తీసుకోకూడదు. జిడ్డుగా, బాగా దుర్వాసనతో అవుతున్నాయా? కడుపు ఉబ్బుతోందా? బరువు తగ్గాడా? అలాగైతే పేగుల్లో చేరే జియార్డియా అనే పరాన్నజీవిని అనుమానించాలి. చూడకుండా అదేనని చెప్పలేను, పాలు పడకపోయినా ఇలా కావచ్చు.

ఇక ఆ రెండు రోజుల మందు. బాబు బరువెంతో షాపులో ఎవరైనా అడిగారా? అరకొరగా వాడితే క్రిమి పూర్తిగా పోదు, పైగా మల పరీక్షలో దొరక్కుండా తప్పించుకోవచ్చు. నా దగ్గరకు వచ్చే ఇలాంటి కేసుల్లో చాలామంది సగం కోర్సు వాడేసే వస్తారు! విరేచనాలు కట్టే మాత్రలైతే పిల్లలకు అసలు వేయొద్దు. జియార్డియా రోజూ మలంలో కనిపించదు కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వండి. ఈలోగా ఓఆర్ఎస్ పట్టించండి, తిండి మానిపించొద్దు. జింక్ ఎంత ఇవ్వాలో డాక్టర్ చెబుతారు.

బావి విషయంలో మీ అనుమానం సరైనదే. గుంత ఎగువన, దగ్గరగా ఉండటం, నీళ్లు పైపైనే ఉండటం, గట్టు పగలడం, వాన తర్వాత మడ్డి రావడం, ఇవన్నీ ముప్పు పెంచేవే. అయినా ఇది అంచనా మాత్రమే. లోతైన బోరు కొంత నయం, కానీ కేసింగ్ సరిగా లేకపోయినా, రాతి పగుళ్లలోంచి మురుగు దిగినా అదీ చెడుతుంది. నీళ్లు నల్లబడితే చెడ్డవని చెప్పే చిన్న సీసా పరీక్ష బ్యాక్టీరియాకే. అందులో బాగున్నంత మాత్రాన పరాన్నజీవులు లేవనుకోవద్దు. బ్లీచింగ్‌కు క్రిప్టోస్పోరిడియం అనే మరో పరాన్నజీవి చావదు. తాగే నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి.

నీళ్ల పరీక్ష కోసం ఆగకుండా ఈ వారమే బాబును చూపించండి. రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాడిన మందు సీసా కూడా వెంట ఉండాలి.