ఊళ్లో భవనాలన్నిటికీ ఒకే ఏసీ ప్లాంటు పెట్టవచ్చా?

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదా, అన్నిటికీ కలిపి ఒకే ఏసీ ప్లాంటు కుదరదా అని అడిగారు. సూత్రం ప్రకారం కుదురుతుంది. దీన్నే డిస్ట్రిక్ట్ కూలింగ్ అంటారు. గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర గిఫ్ట్ సిటీ అనే వ్యాపార కేంద్రంలో ఇప్పటికే నడుస్తోంది.

పైపుల్లో వచ్చేది చల్లగాలి కాదు, చన్నీళ్లు. ప్లాంటులోని పెద్ద చిల్లర్లు నీటిని 5–6 డిగ్రీల దాకా చల్లబరుస్తాయి. ఇన్సులేషన్ చుట్టిన పైపులు ఆ నీటిని భూమిలోంచి ప్రతి భవనానికీ తీసుకెళ్తాయి. అక్కడ హీట్ ఎక్స్ఛేంజర్‌లో భవనం సొంత పైపుల్లోని నీటి వేడిని అది లాగేసుకుంటుంది. రెండు నీళ్లూ కలవవు. 12–14 డిగ్రీలకు వేడెక్కిన నీరు మళ్లీ ప్లాంటుకే వెళ్తుంది. వాడుకున్న చల్లదనాన్ని మీటరుతో లెక్కగట్టి బిల్లు వేస్తారు.

అసలు లాభం ఏమిటంటే, ఆఫీసుకు మధ్యాహ్నం, సినిమా హాలుకు సాయంత్రం ఎక్కువ చల్లదనం కావాలి. అందరికీ ఒకేసారి అక్కర్లేదు కాబట్టి మొత్తం మీద తక్కువ సామర్థ్యం చాలు. రాత్రిపూట నీళ్లు చల్లబరిచి ట్యాంకుల్లో ఉంచుకుంటే రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో కరెంటు లోడు కూడా తగ్గుతుంది.

పొగతోటలో చిక్కల్లా రోడ్లే. కాలువలు, కేబుళ్ల మధ్య లావుపాటి పైపులు దించాలంటే ఖర్చు మోపెడవుతుంది. పైగా ప్లాంటులో పోగైన వేడిని గాలిలోకి వదిలే కూలింగ్ టవర్లకు రోజూ బోలెడు నీళ్లు కావాలి, అవి శుద్ధి చేసిన మురుగునీరైనా పర్లేదు. నన్నడిగితే, కొత్త లేఔట్‌లో రోడ్డు వేయకముందే పెట్టుకోవాల్సిన ఏర్పాటిది.